కనాతులు తిప్పి కట్టిన పెండ్లి

"చాచా, అక్టోబర్ ముప్పై ఒకటి, ఎనభై నాలుగు. ప్రధానమంత్రి పోయిన రోజు. అప్పుడు మన పంజాగుట్టల ఎట్లుండె?"

నడుస్తున్నదా ఆ టేపు డబ్బా? ఎర్ర దీపం ఎలుగుతున్నదంటే నడుస్తున్నట్టే. జర దూరం పెట్టు. నాకు దగ్గు మొదలైతే అందుల నా మాట కంటె దగ్గే ఎక్కువుంటది.

నౌకరి పరీక్షలకని నువ్వు బట్టీ కొడుతున్న తారీకులు నాకు సుత ఎరుకే బేటా. సదివి గాదు, గుంజలు పాతి. యాభై ఎనిమిదిల పెట్టిన ఈ అమీర్‌పేటల టెంట్ హౌస్. ఇప్పుడు ఎనభై తొమ్మిది. ఎన్నేండ్లాయె? ముప్పై ఒకటా? నువ్వంటె ముప్పై ఒకటే, లెక్కల్ల నువ్వు తేజ్ గదా. అప్పట్ల కుర్చీ కిరాయి బేడ, అంటే రెండణాలు. గా ఇనుప కుర్చీలు, కూసుంటె కిర్రుమంటుండె, లేస్తె ధోతి పట్టుకుంటుండె. ఇప్పుడు రూపాయి ఇచ్చి సుత మూతి ముడుస్తరు.

ఆగస్టు పదిహేను అంటే నాకు జెండా కర్ర, మైకు, పిల్లలు కూసునేందుకు దరీలు. జనవరి ఇరవై ఆరు సుత గంతే, గని అప్పుడు చలి. పెద్దసార్లు ఎండల కూసుంటమంటరు, షామియానా సగమే కట్టాలె. అక్టోబర్ రెండుకు గిరాకి తక్కువ. ఆ దినం అందరు కిందనే కూసుంటరు, కుర్చీలు అడగరు. నవంబర్ ఒకటి రాష్ట్రం పుట్టిన దినం, అది ఆఫీసులోళ్ల పండుగ. ఎర్రమంజిల్ల ఒక ఆఫీసు ముంగట ఏటా నాదే షామియానా.

మీ పుస్తకంల దేశానికి స్వతంత్రం నలభై ఏడు అని ఉంటది. మాకు జర ఆలస్యం. ఇక్కడ నిజాం రాజ్యం ఉండె గదా, నలభై ఎనిమిది సెప్టెంబర్ల ఫౌజు వచ్చినంకనే ఈడ కలిసింది. మా అబ్బాజాన్ డేరాలు కుట్టేటోడు. నిజాం ఫౌజుకు కుట్టిండు, కొత్తగొచ్చిన ఫౌజుకు సుత కుట్టిండు. అమ్మీజాన్ మస్తు భయపడ్డది అప్పుడు, తలుపులు ఏసుకొని ఉంటుంటిమి. అబ్బాజాన్ మాత్రం ఎవ్వలేమన్నా, గజం బట్టకు ఎంతిస్తరు అని అడుగుతుండె. నేను మొదటి జెండా పండుగ సూసింది నలభై ఎనిమిదిల... కాదు కాదు, తొమ్మిదిల. ఎనిమిదిల ఆగస్టు అప్పటికే దాటిపోయింది గదా.

అగో, ఎటో పోయిన. నువ్వడిగింది ఎనభై నాలుగు.

సుబ్బారావు గారని ఎర్రమంజిల్ సర్కారు క్వార్టర్లల్ల ఉండె. తెనాలి దిక్కు మనిషి. ఆఫీసుల సూపరింటెండెంటు, గని గట్టిగ మాట్లాడంగ నేను ఎన్నడు ఇనలే. చాయ్ చల్లగైతె సుత మళ్ల ఎచ్చజెయ్యి అని అడగడు, గట్లనే తాగుతడు. ఆయనకు ఒక్కతే బిడ్డ, విజయ. నౌకరి చేస్తుండె. ఆ పిల్ల పెండ్లి ఆ ఏడు శ్రావణంల పెట్టుకున్నరు. షామియానా, కుర్చీల ఆర్డరు మనకే ఇచ్చిన్రు.

ఆ నెల్నే, యాదికున్నదా, నువ్వప్పుడు చిన్నగుంటివేమో, రాష్ట్రంల సర్కారును పడగొట్టిన్రు. ఇగ దినాం బందులు, రాస్తారోకోలు. బస్సులు బంద్. తెనాలి నుంచి చుట్టాలు రాలే, బెజవాడ నుంచి పంతులు రాలే. పెండ్లి ఆగింది. నెల తిరిగేసరికి పడ్డ సర్కారు మళ్ల లేచి కూసున్నది, గని పెండ్లి ముహూర్తం గట్ల లేవదు గదా. భాద్రపదంల వాళ్లు చేసుకోరట. కార్తీకంల దొరికింది. నవంబర్ రెండు, శుక్రవారం పొద్దుగాల పదిన్నర దాటినంక.

పిల్లగాని తండ్రి మూర్తి గారు. శ్రీనగర్ కాలనీల సొంత ఇల్లు, మేడ. ఆయనకు ఇష్టం లేని సంబంధం అది. పిల్లగాడు పిల్లను తనే సూసుకున్నడు, బస్సుల రాను పోను సూసుకున్నరట. ఆయన కాదనలేక ఒప్పుకున్నడు. గట్లాంటి మనిషికి మొదటి ముహూర్తం తప్పితె ఎట్లుంటది? కాదనేతందుకు బహానా దొరికినట్టె.

ఇగ ముప్పై ఒకటి నాడు. బుధవారం. పొద్దటి సంది నేను రెండు జాగలల్ల తిరుగుతున్న. తెల్లారి నవంబర్ ఒకటి గనుక ఆఫీసు కాడ గుంజలు, ఎల్లుండి పెండ్లి గనుక క్వార్టర్ల కాడ గుంజలు. మధ్యాన్నం ఆఫీసుల కాడ మనుషులు గుంపులు గుంపులు నిలబడ్డరు. రేడియోల ఇంకా చెప్పలేదు, గని అందరికి తెలుసు. తుపాకితోని కాల్చిన్రు, కాపలా ఉన్న సర్దార్లే అంటుండ్రు. ఒకడు బతికున్నది అంటడు, ఒకడు పోయింది అంటడు. పొద్దూకేటప్పుడు రేడియోల చెప్పిన్రు.

నేనేం చేసిన అంటవా? ఆఫీసు కాడ కట్టిన గుంజలు ఇప్పిన. ఎవ్వలు ఇప్పమని చెప్పలే. తెల్లారి ఆఫీసు పండుగ ఉండదని ఎరుకే గదా.

పంజాగుట్ట చౌరస్తల పోరగాళ్లు తిరుగుకుంట దుకాణాలు మూయిస్తుండ్రు. మా పక్కన మోటర్ సామాన్ల సర్దార్జీ ఉండె, వాళ్లు మూయించకముందే షట్టర్ దించి లోపట్నే కూసున్నడు. మా ఇంట్లకెల్లి రొట్టెలు ఎనకదిక్కు కిటికీల నుంచి ఇచ్చినం. ఆయన ఇప్పుడు సుత ఈడనే ఉన్నడు, సూసినవు గదా, అల్లుడు కూసుంటడు గల్లా మీద.

ఒకటో తారీకు పొద్దుగాల యాదగిరి వచ్చిండు. మా గల్లీ లీడరు, పోయిన ప్రధానమంత్రి పార్టీనే. వాళ్ల పార్టీ మీటింగులకు ఏండ్ల సంది నావే కుర్చీలు. కండ్లు ఎర్రగున్నయి, రాత్రంత ఏడ్చినట్టున్నడు. నిజంగనే ఏడ్చిండు, యాక్టింగ్ గాదు.

"ఖాజాభాయ్, క్వార్టర్ల కాడ రంగుల షామియానా సూసిన. నీదేనా?"

"నాదే అన్న. పెండ్లి ఉన్నది రేపు."

"పెండ్లి వద్దని నేనంటలేను. గని బాజా వద్దు, సీరియల్ లైట్లు వద్దు. రోడ్డు మీదికి ఎర్రది పచ్చది కనబడితె మా పోరగాళ్లు ఊకోరు. తర్వాత నన్ను అడగొద్దు."

ఇగ క్వార్టర్లకు పోయిన. ఆడ మూర్తి గారు ముందే వచ్చి కూసున్నడు. కాఫీ గ్లాసు చేతిల ఉంది, తాగుతలేడు.

"ఏంటండీ సుబ్బారావు గారూ ఇది? ముహూర్తం పెడితే సర్కారు పడిపోయింది. మళ్లీ పెడితే ప్రధానమంత్రే పోయింది. మీ అమ్మాయి పెళ్లి దేశానికే అచ్చిరావట్లేదు."

నవ్వుకుంట అన్నడు.

"నేను చెప్పేది ఒకటే. రేపు ఆ టైముకి జరిగితే జరిగినట్టు. ఈసారి ఆగిందా, ఇక మా వాడి ఊసు ఎత్తకండి. నాక్కూడా నలుగురున్నారు, వాళ్లకి జవాబు చెప్పుకోవాలి."

సుబ్బారావు గారు "అలాగేనండీ" అన్నడు. గంతే. ఆయన పోయినంక నా దిక్కు తిరిగి, "ఏం చేద్దాం భాయ్?" అన్నడు.

నేనన్న, "గోడౌన్ల తెల్లది ఉన్నది సార్, అది కడ్త. తెల్లది జూసి ఎవ్వలు రారు."

లోపలికెల్లి ఒక గొంతు. సుబ్బారావు గారి తల్లి, మామ్మ గారు. "తెల్లగుడ్డ కింద పెళ్లేంటయ్యా? అది ఎప్పుడు కడతారో నాకు తెలీదా? మా ఆయన పోయినప్పుడు నువ్వే కదా కట్టావు!"

నిజమే, నేనే కట్టిన. అదే గుడ్డ.

మామ్మ గారు కనబడలే నాకు, గొంతే వచ్చింది. ఎనక అర్ర గుమ్మం అవతలికెల్లి మాట్లాడుతున్నది. వాళ్లల్ల రివాజు గది. మొగుడు పోయిన ఆడమనిషి పెండ్లి పనులకు ముంగటికి రాదు. వంట కాడ ఎంత కావాలంటె అంత చాకిరి చెయ్యొచ్చు, గని పెండ్లి పీటల దగ్గర నిలబడొద్దు. ఆ పిల్లను సాది పెంచింది ఆమెనే. తల్లి నౌకరి, తండ్రి నౌకరి, జడ ఏసి ఇస్కూలుకు తోలింది ఈమె. అయినా ఎనక అర్రలనే.

ఇగ ఏం చెయ్యాలె? రంగుది కడితె బయట రాళ్లు, తెల్లది కడితె ఇంట్ల ఏడుపు. అందరు నా మొకం సూస్తుండ్రు. నేను మేకుల మొకం సూస్తున్న.

అప్పుడు ఆ పిల్లనే వచ్చింది బయటికి. చేతులకు పసుపు. "ఖాజా గారూ, ఈ రంగుల కనాతులకి వెనకవైపు ఏ రంగండీ?"

కనాతు అంటే ఎరుకే గదా నీకు, చుట్టూర గోడ లెక్క కట్టే గుడ్డ. "తెల్లదే అమ్మా," అన్న. "అస్తరు."

"అయితే తిప్పి కట్టండి. రంగు మాకు, తెలుపు రోడ్డుకి."

సూడు బేటా, గన్ని ఏండ్ల సంది కడుతున్న, నాకు తట్టలే. మా పనిల పెండ్లి అంటే రంగు బయటికే. రోడ్డు మీద పోయేటోనికి తెల్వాలె గదా ఈడ పెండ్లి అని. అదే నా చేతులకు అలవాటు. చేతులు అలవాటు పడితె బుర్ర పని చెయ్యదు. పైకప్పు బయటి దిక్కు ఎట్లాగు తెల్లగనే ఉంటది. పక్క గోడలు తిప్పిన. పొద్దూకేసరికి రోడ్డు మీదికెల్లి సూస్తె సంతాప సభ, లోపలికి వస్తె పెండ్లి. మామ్మ గారు లోపలికెల్లి తొంగి సూసి, "ఆ, ఇప్పుడు బావుంది" అన్నది.

శుక్రవారం. పొద్దుగాల చుట్టాలు వస్తుండ్రు. తెనాలోళ్లల్ల సగం మందే వచ్చిన్రు. సుబ్బారావు గారి ఆఫీసాయన ఒకడు స్కూటర్ దిగిండు, కనాతులు సూసి మొకం చిన్నగ చేసుకొని, బహుమతి డబ్బా ఎనక దాసుకొని, నా దగ్గరికొచ్చి చెవుల అడుగుతడు. "ఎవరండీ? ఎప్పుడు?" నేనన్న, పెండ్లి సార్, లోపలికి పోండ్రి. ఆయన నన్ను ఒకతీరుగ సూసిండు, పిచ్చోని సూసినట్టు.

మేళం వాళ్లు వచ్చిన్రు. సన్నాయి సంచిల నుంచి తియ్యొద్దని చెప్పినం. డోలు కొట్టేటాయన అలిగిండు. "గట్టిమేళం లేకుండ తాళి ఎట్ల కడ్తరు, మేమెందుకు మరి?" సుబ్బారావు గారు బతిమాలి ఇడ్లీ తినబెట్టిండు.

మూర్తి గారు ముందటి వరుసల, కాలు మీద కాలు. చేతి గడియారం సూస్తున్నడు. ఆ పొద్దు ఆ షామియానాల నాకు రెండే కనబడ్డయి, ఆ గడియారం, పీటల మీద ఆ పిల్ల.

పది దాటింది. అప్పుడు చౌరస్త దిక్కుకెల్లి నినాదాలు. అమర్ రహే, అమర్ రహే. దగ్గరికొస్తున్నయి. యాదగిరి, ఆయనెనక ముప్పై నలభై మంది. ఫోటోకు పెద్ద పూలదండ, ఇద్దరు పట్టుకున్నరు. సంతాపం ఊరేగింపు. పోతరులే, తెల్లగనే ఉంది గదా అనుకున్న.

పోలే. నిలబడ్డరు. తెల్ల కనాతులు, కుర్చీలు, లోపల మనుషులు నిమ్మళంగ కూసున్నరు. సప్పుడు లేదు, మైకు లేదు. వాళ్లకేమనిపించింది? క్వార్టర్లోళ్లు మన నాయకురాలి కోసం సభ పెట్టిన్రు అనుకున్నరు. యాదగిరి నన్ను సూసి, రెండు చేతులెత్తి దండం పెట్టిండు. "శాబాష్ ఖాజాభాయ్, మాకు చెప్పనే లేదు," అనుకుంట సీదా లోపలికి!

నేను ఆపేలోపల లోపల ఉన్నడు.

లోపల ఎర్రది, పచ్చది, మామిడాకులు, పీటల మీద పిల్ల, నొసటికి బాసికం. యాదగిరి ఆగిపోయిండు. ఎనకున్నోళ్లు ఆగుతలేరు, తోసుకుంట వస్తుండ్రు. పంతులు గారు మంత్రం నడుమల నోరు తెరిచి గట్లనే ఉన్నడు.

ఎనకకెల్లి ఎవడో అరిసిండు. "దేశం ఏడుస్తుంటె వీళ్లకు పెండ్లి గావాల్నా?" ఇంకొకడు కనాతు మీద చెయ్యేసిండు, గుంజేతందుకు. ఆ గుంజ నేను పట్టుకున్న. గుంజ పడితె షామియానా మొత్తం పడ్తది గదా.

మూర్తి గారు లేచి నిలబడ్డడు. కోపం లేదు ఆయన మొకంల. ఒకతీరుగ నిమ్మళం అయినట్టున్నడు. "నేను ముందే చెప్పాను సుబ్బారావు గారూ. ఒరేయ్, లే. లేవరా. ఇక వెళ్దాం పద."

పిల్లగాడు లేవలే. లేవలేదు గని, ఉంటనని సుత అనలే. తండ్రి మొకం సూస్తున్నడు, పిల్ల మొకం సూస్తున్నడు. ఆ పిల్ల తల ఎత్తలే.

అప్పుడు ఎనక అర్రల నుంచి మామ్మ గారు వచ్చింది.

తెల్ల చీర, నెత్తి మీద కొంగు. పొట్టి మనిషి. నడుమల మనుషులు పక్కకు జరిగిన్రు, తొవ్వ ఇద్దామని గాదు, ఈమె ఎందుకొచ్చింది అని. సీదా యాదగిరి దగ్గరికి పోయింది.

"ఎందుకు నాయనా గుమ్మంలో నిలబెట్టావు ఆవిడని? తీసుకురా లోపలికి."

యాదగిరికి ఏం చెయ్యాల్నో తెల్వక ఫోటో ఇచ్చిండు. పెద్ద ఫోటో, ఆమె ఛాతీ మొత్తం కప్పింది. తెచ్చి ముందటి వరుసల, మూర్తి గారు లేచిన కుర్చీ ఉన్నది గదా, దాంట్లనే పెట్టింది. దండ సక్కగ చేసింది. పక్క కుర్చీల తను కూసున్నది. పీటలకు ఎదురుంగ.

మూర్తి గారి ఇంటామె, పాపం మర్యాదగనే, దగ్గరికొచ్చి అన్నది. "పిన్నిగారూ, మీరు ఇక్కడ... ముహూర్తం టైము కదండీ..."

మామ్మ గారు ఆమె దిక్కు సూడనే లేదు. ఫోటో దిక్కు చెయ్యి చూపెట్టింది. "ఆవిడా నాలాంటిదేనమ్మా. భర్త పోయాక ఎవరైనా వెనక గదిలో కూర్చోబెట్టారా ఆవిడని? ఢిల్లీలో కూర్చుని దేశాన్ని ఏలింది. పెళ్లికొచ్చింది, చూసి వెళ్తుంది. నేను తోడు కూర్చున్నా."

ఇగ చెప్పు బేటా, ఎవ్వలేం చేస్తరు? మామ్మ గారిని లేపాలంటె పక్కనున్న ఫోటోను సుత లేపాలె. అది మూర్తి గారితోని అయితదా, నలభై మంది సూస్తుండంగ? మరి ఫోటో కూసున్న షామియానాను వాళ్లు కూలగొడ్తరా? కనాతు మీద చెయ్యేసినోడు చెయ్యి తీసేసిండు. నేను గుంజ ఇడువలే, ఎందుకైనా మంచిదని.

యాదగిరి గొంతు సవరించుకున్నడు. "రెండు నిమిషాలు మౌనం పాటిద్దం," అన్నడు.

అందరు లేచిన్రు. మూర్తి గారు ఎట్లాగు నిలబడే ఉన్నడు. అందరు తలకాయలు దించిన్రు. మేళం వాళ్లు డోలు చంకల పెట్టుకొని నిలబడ్డరు. పంతులు గారు చేతి గడియారం సూసిండు, ముహూర్తం దాటుతున్నదని గడబిడ అయిండు, ఏమైతదో కానీ అని పెదాలు కదపబట్టిండు, సప్పుడు రాకుండ. పిల్లగానికి తాళి అందిచ్చిండు.

పిల్లగాడు తండ్రి దిక్కు సూడలే ఈసారి. కట్టిండు.

తాళి కడ్తుంటె ఎవ్వలు సూడలే. పిల్ల తల్లి సుత తల దించి కండ్లు మూసుకున్నది. ఇప్పటికి అంటది ఆమె, "నా కూతురి మెళ్లో తాళి పడటం నేను చూడలేదు ఖాజా గారూ" అని. సూసింది మామ్మ గారు. తల దించలే ఆమె, సక్కగ ముంగటికి సూసింది. నేను సూసిన, గుంజ పట్టుకున్న గనుక. మౌనం అయినంక అందరు తలకాయలెత్తిన్రు, పెండ్లి అయిపోయింది.

యాదగిరి సూసిండు తాళిని. అక్షింతల పళ్లెం కాడికి పోయి చెయ్యి పెట్టిండు. ఆయన ఏసినంక ఎనకున్నోళ్లు సుత ఏసిన్రు. కొంతమంది ఏడుస్తున్నరు ఏసుకుంట. ఆ ఏడుపు ఢిల్లీ కోసమే. నేను పెండ్లిళ్లు మస్తు సూసిన గని అక్షింతలేసేటోళ్లు గట్ల ఏడ్చుడు ఇంకెక్కడ సూడలే.

ఫోటో తీసుకొని చౌరస్త దిక్కు పోయిన్రు మళ్ల. మామ్మ గారు మాత్రం లేవలే. ఆ కుర్చీలనే కూసున్నది, పెండ్లి తంతు అంతా అయ్యేదాక. ఎవ్వలు లేవమనలే. భోజనాలకు మూర్తి గారు పోతు పోతు ఆమె ముంగట ఆగిండు. ఏమన్న అంటడనుకున్న. "మామ్మగారూ, మీకు ఇక్కడికే వడ్డించమంటారా?" అన్నడు. ఆమె "వద్దులే నాయనా, నడవగలను" అన్నది.

నేను జుమ్మాకు ఉరికిన. నమాజు సగం దొరికింది.

ఆ పిల్ల ఇప్పుడు శ్రీనగర్ కాలనీలనే, ఆ మేడల్నే ఉంటది. కొడుకు పుట్టిండు. మూర్తి గారు ఆ మనుమన్ని సైకిల్ ముంగట కూసోబెట్టుకొని తిప్పుతడు.

మామ్మ గారు అప్పటి సంది క్వార్టర్లల్ల ఏ పెండ్లైనా ముందటి వరుసల్నే కూసున్నది. మొదలు ఒకరిద్దరు గునిగిన్రు, తర్వాత అలవాటైంది. ఇంకొకామె వచ్చింది ఆమె పక్కకు, ఆమె సుత మొగుడు పోయినామెనే. తర్వాత ఇంకొకామె. మా చిన్న బిడ్డ నిఖా అయింది పోయినేడాది, మామ్మ గారు రిక్షా ఏసుకొని వచ్చింది. మా ఆడోళ్ల దిక్కు కూసున్నది. అందరు దువాకు చేతులు చాపితె పక్కామెను అడిగింది, "ఏం కోరుకోవాలమ్మా?" అని. పక్కామె మా అక్క, నోట్ల పండ్లు లేవు, ఏం చెప్పిందో. మామ్మ గారు సుత రెండు చేతులు చాపింది. చానసేపు దించలే.

ఈ ఎండకాలంల పోయింది ఆమె. తెల్లది నేనే కట్టిన.

నువ్వేంది, మొకం గట్ల పెట్టినవు? చాయ్ తాగు, చల్లగైతది. మంచిగ సదువుకో బేటా, అల్లా నీకు నౌకరి ఇస్తడు, పిల్లను సుత ఇస్తడు. పెండ్లికి కుర్చీలు నేనే పంపుత, కిరాయి వద్దు. ముందటి వరుసల మీ నాయనమ్మను కూసోబెట్టు. ఉన్నది గదా మీ నాయనమ్మ? ఆ... ఉన్నదంటె మంచిదే. ఉండాలె...